గుంతకల్లు షెడ్డు, ఊరగాయ జాడీ

ఈ పొద్దు చలి గట్టిగానే ఉండాది. ఇంకో రెండు కందికట్టెలు నెగట్లో వేయండ్రా, చెప్తా. పెద్దోడు ఫోన్లో ఆ అమెరికా ఊరగాయ వ్యాగన్ బొమ్మ చూపించినప్పటి నుంచి నాకు గుంతకల్లు యార్డే మతికొస్తా ఉండాది.

ముందు ఆ బండి సంగతి వినండి. మనకు మామిడికాయ ఎట్లనో వాళ్లకు చిన్న దోసకాయ అట్ల. మిచిగన్, విస్కాన్సిన్ పల్లెల్లో కాయలు కోసి, పట్టాల పక్కనే కొయ్య తొట్లలో ఉప్పునీళ్లు పోసి ఊరబెట్టేవాళ్లు. ఊరిన సరుకు పట్నం ఫ్యాక్టరీలకు పోవాల. 1869లో మొదలైన హైంజ్ కంపెనీ పిట్స్‌బర్గు ఫ్యాక్టరీ అట్లాంటిదే. ఉప్పునీళ్లు ఇనుమును ఎట్లా తింటాయో మీకు తెలుసు కదా. అందుకని చదును బండి మీద పెద్ద కొయ్య తొట్లు వరసగా నిలబెట్టి, పైన మూతలు బిగించి, ఆ ఒక్క సరుకు కోసమే బండి కట్టినారు. చేసినోడెవడో గానీ ఉప్పును బాగా ఎరిగినోడు.

గుంతకల్లులో అట్లాంటి బండి నేను చూడలేదు. మన ఊరగాయ ఇంట్లో పుట్టి, జాడీలో ఊరి, మనిషి వెంట పోయేది. దానికి తోడు మన దగ్గర పట్టాలు రెండు రకాలు. మద్రాసు నుంచి వచ్చిన పెద్ద లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనును కలిసింది. తర్వాత 1876-78 కరువు వచ్చింది. ఈ సీమలో జనం తిండి లేక రాలిపోయినారు. మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పిన మాటలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కరువు ప్రాంతాలకు గింజలు చేరాలంటే రైలు కావాలని అప్పుడు గట్టిగా తేలింది. 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ పుట్టిందీ అందుకే. తక్కువ ఖర్చుతో అయిపోతుందని మీటరు గేజీ వేసినారు. అట్లా గుంతకల్లు నుంచి బళ్లారి దిక్కు, నంద్యాల దిక్కు, ధర్మవరం మీదుగా బెంగుళూరు దిక్కు చిన్న పట్టాలు పోయినాయి. మద్రాసు బొంబాయి పట్టా మాత్రం పెద్దది. చిన్నబండి సరుకు పెద్దబండి ఎక్కాలంటే నడుమ మనిషి వీపు ఉండాల్సిందే.

ఆ వీపుల్లో మా నాయనది ఒకటి. ట్రాన్షిప్‌మెంట్ షెడ్డులో హమాలీ. ఒక పక్క చిన్న వ్యాగన్, ఇంకో పక్క పెద్ద వ్యాగన్, నడుమ ప్లాట్‌ఫారం. మూటను ఆ తలుపులో నుంచి ఈ తలుపులోకి మోయాల. హిందూపురం చింతపండు వచ్చేది చూడండి, ఎండాకాలంలో అది చెమర్చి గోనెలో నుంచి బంక కారేది. మోసినోళ్ల భుజాలు నల్లగా అంటుకుపోయేవి. సాయంత్రం ఇంటికొస్తే మా అమ్మ వేణ్ణీళ్లు పోసి రుద్దినా పోయేది కాదు.

జాడీల పని వేరే. అవి గూడ్సులో వచ్చేవి కాదు, ప్యాసింజరు బండి లగేజీ పెట్టెలో వచ్చేవి. ఉద్యోగానికి పోయిన కొడుకుకో, కాపురానికి పోయిన కూతురికో ఇంటోళ్లు పంపేవి. జాడీకి వాసెన కట్టి, గంపలో వరిగడ్డి దట్టంగా కూరి, పైన గోనె కుట్టి, ఊరి పేరు రాసిన అట్టముక్క కట్టేవాళ్లు. అది చేతికొస్తే మా నాయన భుజం మీదికి ఎత్తేవాడు కాడు, బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా రొమ్ముకు ఆనించి నడిచేవాడు. నూనె లోపల కదులుతుందంట, ఆ కదలిక చేతికి తెలిస్తే జాడీ బాగున్నట్టు లెక్క. పగిలిందంటే ఆ నూనె పెట్టె నేలలోకి ఇంకి, తర్వాత ఎక్కించిన గుడ్డల మూటలు కూడా కరాబు అయ్యేవి.

నేను రైల్వే క్యారేజీ వ్యాగన్ శాఖలో ఖలాసీగా చేరినా. ఇరుసుల పెట్టెల్లో నూనె తడిపిన దూదిపీచు కూరడం, రాత్రి లాంతరు పట్టుకుని చక్రం దగ్గర చెయ్యి పెట్టి కాక చూడడం మా పని. వ్యాగన్ పక్కన చిన్న జేబు ఉండేది, దాంట్లో లేబులు. అది చదివితే సరుకు ఏ ఊరిది, ఏ ఊరికి పోతుందో తెలిసేది. నాకు భూగోళం నేర్పింది ఆ లేబుళ్లే. ఒక్కో లైను పెద్దదవుతా వచ్చింది, 1992లో యూనిగేజ్ పథకం మొదలైనాక మిగతావీ మారినాయి. సరుకు దించి ఎక్కించే పని పోయింది. అది పోవాల్సిన కష్టమే. మనుషులను మర్చిపోవడం మాత్రం నాకు నచ్చదు.

ఇప్పుడు పెద్దోడు ఆ షెడ్డుకు చిన్న బొమ్మ చేస్తానంటాడు. చెయ్యి నాయనా, కొలత తప్పకుండా చెయ్యి. ప్రపంచంలో ఎక్కువమంది చేసేది అసలు కొలతలో 87లో ఒక వంతు. పుణెలో 1998లో తెరిచిన జోషి గారి చిన్న రైళ్ల మ్యూజియంలో ఉండేదీ ఆ కొలతే. అంగట్లో దొరికే పట్టా 16.5 మిల్లీమీటర్లు, అది వాళ్ల 1,435 మిల్లీమీటర్ల దారికి సరి. మన పెద్ద పట్టా 1,676. అంటే నీకు 19 పైన కావాల. మీటరు గేజీకి పదకొండున్నర చాలు. కొన్న పట్టా మీద మన వ్యాగన్ పెడితే కాళ్లు ఇరుకైపోతాయి. రెండు పట్టాలూ నువ్వే వేసి, నడుమ ప్లాట్‌ఫారాన్ని వ్యాగన్ నేలకు సమానంగా ఎత్తు, అప్పుడే అది గుంతకల్లు అవుతుంది. దాని మీద మనుషులను నిలబెట్టు. ఒకడి చేతుల్లో గంప పెట్టు.

ఒక్క సరుకుకే బండి అనేది మన జిల్లాకూ వచ్చిందిలే. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి 43 చల్లటి కంటైనర్లలో అరటి ముంబై రేవుకు పోయింది. వాన చుక్క కోసం మొగులు చూసే నేల నుంచి అరటిగెలలు ఓడ ఎక్కినాయంటే మా నాయన నమ్మేవాడు కాదు. ఇంకోటి వినండి: అమెరికావాళ్లు తొట్లలో ఊరబెట్టిన ఆ చిన్న దోసకాయను 1990ల నుంచి కర్ణాటకలో, తర్వాత మన ఆంధ్రలోనూ రైతులు పండిస్తాండారు. ఉప్పునీళ్లలో, వెనిగర్లో ఊరి అది ఇక్కడి నుంచే దేశాలకు పోతా ఉండాది.

గుంతకల్లు, ధర్మవరం, గుత్తి రైల్వే ఇండ్లలో పాత ట్రంకు పెట్టెలు ఇంకా ఉంటాయి. షెడ్డు ఫోటో గానీ, వ్యాగన్ లేబులు గానీ, హమాలీ ఇత్తడి బిళ్ల గానీ కనపడితే పాత సామాన్లోడికి వేయొద్దండి. తెచ్చి మా పిల్లోడికి చూపించండి, కొలత తీసుకుని మళ్లీ మీ చేతికే ఇస్తాడు.