గుర్తులు, రహస్యములు: కంప్యూటరు వ్రాతల చరిత్ర

కంప్యూటరులో రహస్యముగా దాచవలసిన మాటకును, కాగితముపై తీరుగా అచ్చుకావలసిన మాటకును సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. చిత్రమేమనగా, ఈ రెండు ఏర్పాట్లును ఒకే యంత్రముపై, ఇంచుమించు ఒకే కాలమున పెరిగినవి.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.)లో ఫెర్నాండో కార్బటో, ఆయన సహచరులు 1961 నవంబరులో ఒక క్రొత్త పద్ధతిని ప్రదర్శించిరి. అంతవరకు పెద్ద కంప్యూటరు ఒకసారి ఒకరి పనినే చేసెడిది. తక్కినవారు చిల్లులు పొడిచిన కార్డులను అప్పగించి గంటల తరబడి వేచియుండవలెను. క్రొత్త పద్ధతిలో యంత్రము తన కాలమును చిన్న చిన్న తునకలుగా కోసి, వంతుల చొప్పున పలువురికి పంచిపెట్టును. దీనికి సి.టి.ఎస్.ఎస్. అని పేరు.

పలువురు ఒకే ఇంట ఉన్నప్పుడు ఎవరి పెట్టెకు వారు తాళము వేసికొందురు గదా! అట్లే ప్రతివానికి ఒక్కొక్క సంకేతపదము, అనగా పాస్‌వర్డు, ఇచ్చిరి. అయితే అందరి సంకేతపదములును ఒకే దస్త్రములో ఉన్నవి ఉన్నట్లుగా వ్రాయబడి ఉండెను. 1962లో ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన యంత్రకాలము చాలక, ఆ దస్త్రమును అచ్చువేయుమని ఒక కార్డు పొడిచి ఇచ్చెను. యంత్రము మారు మాట్లాడక అచ్చువేసి ఇచ్చినది. ఈ సంగతిని ఆయన సుమారు 25 ఏండ్ల తరువాత గాని బయటపెట్టలేదు.

ఇక రెండవ కథ. అదే సంస్థలో జెరోం సాల్ట్‌జర్ తన పరిశోధనకు సంబంధించిన వ్రాతను యంత్రముచేతనే తీరుగా టైపు చేయింపదలచి, 1964లో రనాఫ్ అను ప్రోగ్రాము వ్రాసెను. దాని సూత్రము చాల తేలిక. పంక్తి మొదట చుక్క ఉన్నచో ఆ పంక్తి విషయము కాదు, ఆజ్ఞ. ‘నడుమకు జరుపుము’, ‘ఒక పంక్తి వదలుము’, ‘క్రొత్త పుట మొదలిడుము’ వంటివి ఆ ఆజ్ఞలు. యంత్రము వానిని పాటించును గాని అచ్చువేయదు. గుర్తు, విషయము ఒకే వరుసలో ప్రయాణము చేయుట ఇందలి సౌకర్యము. చిక్కు కూడ అందులోనే ఉన్నది. నిజముగా చుక్కతోనే మొదలుకావలసిన పంక్తి వచ్చినచో యంత్రము దానిని ఆజ్ఞగా భావించి మ్రింగివేయును.

1960వ దశకము నడుమ ఈ రెండు కథలును మరొక విధముగా కలిసికొన్నవి. అందరికి చూపవలసిన నాటి ప్రకటనను ఒక నిర్వాహకుడును, సంకేతపదముల దస్త్రమును మరొక నిర్వాహకుడును ఒకే సమయమున సవరించుచుండిరి. సవరణ ప్రోగ్రాము తన చిత్తుప్రతికి ఎల్లప్పుడును ఒకే పేరు పెట్టెడిది. ఒక చోట ఇద్దరు పని చేయుదురని దానిని వ్రాసినవారు తలపలేదు. రెండు చిత్తులు తారుమారైనవి. అటుపై యంత్రములో ప్రవేశించిన ప్రతివాని యెదుటను, ప్రకటనకు బదులు, అందరి సంకేతపదములును టైపయి వెలువడెను! ట్యూరింగ్ పురస్కారము (1990) పొందిన సందర్భమున చేసిన ప్రసంగములో కార్బటో స్వయముగా ఈ ముచ్చట చెప్పెను.

అటు తరువాత తాళముల విద్య ఒక దారిన పోయెను. సంకేతపదమును ఉన్నది ఉన్నట్లు దాచక, తిరిగి వెనుకకు మార్చుటకు వీలులేని రూపములో దాచు పద్ధతిని ఇంగ్లండులో రోజర్ నీధం కనిపెట్టెను. మారిస్ విల్క్స్ 1968లో ప్రకటించిన గ్రంథములో అది వివరింపబడినది. గుర్తుల విద్య వేరొక దారిని పట్టెను. రనాఫ్ వారసులు యూనిక్స్‌లో స్థిరపడినవి. 1969లో ఐ.బి.ఎం. సంస్థలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, మరి ఇద్దరు, ‘ఎట్లు కనబడవలెను’ అని గాక ‘ఇది శీర్షిక, ఇది పేరా’ అని చెప్పు గుర్తులను రూపొందించిరి. వెబ్ పుటల భాషయగు హెచ్.టి.ఎం.ఎల్. ఈ వంశములోనిదే. 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన మార్క్‌డౌన్ వీనికంటె నిరాడంబరమైనది. మాటకు ఇరువైపుల ఒక్కొక్క నక్షత్రపు గుర్తు పెట్టినచో వాలు అక్షరములు, రెండేసి పెట్టినచో లావు అక్షరములు అగును. ఈమెయిలులో జనులు అప్పటికే వాడుచున్న అలవాట్లనే ఆయన చాలవరకు గ్రహించెను. అందుచేతనే అది అంత త్వరగా వ్యాపించినది.

ఒక్కొక్కరికి పదుల కొలది సంకేతపదములు ఏర్పడగా, వానిని దాచుటకు భోషాణము వంటి ప్రోగ్రాములు పుట్టినవి. బ్రూస్ ష్నయర్ 1997లో వెలువరించిన పాస్‌వర్డ్ సేఫ్ తొలి వానిలో ఒకటి. ఇట్టి వానిలో సంకేతపదముతోపాటు గమనికలు వ్రాసికొనుటకు కూడ చోటుండును. బ్యాంకు వివరములు, తాళము పోయినప్పుడు పనికివచ్చు అత్యవసర సంకేతములు, ఇంటివారికి చెప్పవలసిన సూచనలు, అన్నియు అందులో చేరును. ఇవి పెరిగినకొలది శీర్షికలు, వరుస సంఖ్యలు కావలెనని వాడుకరులు కోరుట న్యాయమే. 2018లో వెలువడిన వన్‌పాస్‌వర్డ్ 7వ కూర్పు తన గమనికలలో మార్క్‌డౌన్‌ను అంగీకరించినది.

రనాఫ్ నాటి చిక్కు ఇచ్చట మరల ఎదురగును. నీధం పద్ధతిలో సంకేతపదమును ఎవరికిని తిరిగి ఇవ్వనక్కరలేదు, సరిపోల్చిన చాలును. భోషాణము పని అట్టిది కాదు. దాచిన దానిని ఒక్క అక్షరము తేడా రాకుండ తిరిగి ఇవ్వవలెను. గమనికలో గోదా*47*నది అని వ్రాసికొన్నాడనుకొనుడు. మార్క్‌డౌన్ దానిని చదివి, నక్షత్రములను ఆజ్ఞలుగా గ్రహించి, గోదా47నది అని చూపును. 47 మాత్రము కొంచెము వాలియుండును. చూచి నకలు చేసికొన్నవానికి తలుపు తెరచుకొనదు. లోపల దాగిన వ్రాత చెడలేదు, చూపిన రూపమే మారినది. కాని బ్యాంకు గడువు ముగియుచున్న వేళ ఆ తేడా ఎవరికి తోచును?

దీనికి విరుగుడు మార్క్‌డౌన్‌లోనే కలదు. వెనుకకు వాలిన చిన్న కామా వంటి గుర్తు ఒకటి కీబోర్డుపై ఉన్నది. దాని జంట నడుమ వ్రాసినదంతయు యథాతథముగా కనబడును. పైగా సాధారణముగా అన్ని అక్షరములును సమాన వెడల్పు గల అచ్చులో చూపబడును. అట్టి అచ్చులలో సున్నకును ఇంగ్లీషు ‘ఓ’ అక్షరమునకును తేడా స్పష్టముగా చూపునవి అనేకము. నా ఉద్దేశములో గమనికకు ఇంతకంటె ఉపకరించు అలంకారము లేదు. లావు అక్షరములు, రంగులు తరువాతి మాట.

మరొక్క సంగతి. గమనికను గూఢలిపిలోనికి మార్చునప్పుడు గుర్తులు కూడ సామాన్యాక్షరములవలెనే తాళములోనికి పోవును. వానివలన తాళము బిగువు తగ్గదు. కాని తెరచి చూపునప్పుడు, గమనికలోని చిత్రమును బయటి చిరునామానుండి తెప్పించు ఏర్పాటు ఉన్నచో, ఆ చిరునామావారికి ‘ఈ గమనిక ఇప్పుడు తెరవబడినది’ అని తెలిసిపోవును. అందుచేత ఇట్టి ప్రోగ్రాములు వాడు మార్క్‌డౌన్‌లో చిత్రములకు చోటీయకుండుట మేలు.

తెలుగులో సంకేతవాక్యము వ్రాసికొనువారికి కంటికి కనబడని గుర్తులు కూడ ఉన్నవి. ‘పాస్‌వర్డు’ అను మాటలో స, వ లు కలిసిపోకుండ నడుమ ఒక అదృశ్యాక్షరము నిలుచును. ఐత్వమును యూనికోడులో ఒకే సంకేతముగా వ్రాయవచ్చును, రెండు సంకేతములుగా విడదీసియు వ్రాయవచ్చును. తెరపై రెండును ఒకే తీరున కనబడును. ప్రోగ్రాము ముందుగా రెంటిని ఏకరూపమునకు తేనిచో, యంత్రమునకు మాత్రము అవి రెండు వేర్వేరు మాటలు.