ఆరు ఆజ్ఞల వరుస

గగన్‌పహాడ్ కార్ఖానాలో హాజరుపట్టీ చూచు గుమాస్తా ఒకడు ఉన్నాడనుకొందము. ఏ పేరు ఎన్నిమార్లు వచ్చినదో అతడు లెక్కింపవలెను. కంప్యూటరున దీనికొక్క పంక్తి చాలును. 'సార్ట్' అను ఆజ్ఞ పేర్లను వరుసలో నిలుపును. 'యూనిక్' వానిని లెక్కించును. ఇది పక్కపక్కనున్న పేర్లనే పోల్చగలదు గనుక సార్ట్ ముందు నడువవలెను. నడుమ నిలువుగీత ఒకదాని ఫలితమును రెండవదానికి అందించును.

తోటగొట్టములవలె చిన్న ప్రోగ్రాములను కలుపవలెనని 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెకిల్‌రాయ్ సూచించెను. 1973లో కెన్ థాంప్సన్ దానిని యూనిక్స్‌లో నెలకొల్పెను. 1986లో, గ్రంథమున తరచుగా వచ్చు మాటలను లెక్కించు ప్రోగ్రామును డొనాల్డ్ నూత్ పలు పుటలలో రచింపగా, మెకిల్‌రాయ్ ఆరు ఆజ్ఞలతో ముగించెను. నూత్ ఓడెనని మేమనము. ఆయనను కోరినది తన రచనాపద్ధతిని చూపుమనియే గదా! సాయంత్రము శంషాబాద్ బస్సు అందుకొనవలసిన మన గుమాస్తాకు మాత్రము ఆ చిన్న పంక్తియే కావలెను.