గోడలు దాటిన తరాలు: ‘అంటరాని వసంతం’ను డిస్టోపియాగా చదివితే

రేపటి లోకం ఘోరంగా మారితే ఎలా ఉంటుందో ఊహించి రాసేది డిస్టోపియన్ నవల. పాత్రకు అడుగడుగునా అడ్డంకులు ఎదురవుతాయి, వాటిని దాటడమే కథ. మన దేశం నుంచి ఇంగ్లిష్‌లో వచ్చిన అలాంటి నవల ప్రయాగ్ అక్బర్ ‘లైలా’ (2017). 2019లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌గానూ వచ్చింది. అందులో నగరాన్ని ఏ సమూహానికి ఆ సమూహంగా గోడలు కట్టి విడదీస్తారు. ముస్లింను పెళ్లాడిన షాలిని, తన నుంచి లాక్కుపోయిన కూతురి కోసం ఏళ్ల తరబడి వెతుకుతుంది.

మంచి నవలే. కానీ షాలినికి ఆ గోడ కొత్త. నిన్నటిదాకా ఆమె సుఖంగా బతికిన మనిషి. తల్లాడ నుంచి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం పోయే దారిలో ఏ ఊళ్లో దిగినా, దళితవాడకు తోవ చెప్పేటప్పుడు ‘ఊరి చివర’ అనే మాటే ముందు వస్తుంది. గోడ కనపడదు, హద్దు అందరికీ తెలుసు. దళిత రచయిత ఈ లోకాన్ని కొత్తగా ఊహించనక్కర్లేదు, తాతముత్తాతల బతుకు గుర్తు చేసుకుంటే చాలు.

జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) చేసింది అదే. ముసలి రూతు జ్ఞాపకాల్లోంచి ఎన్నెలదిన్ని మాలల కథ తరం తర్వాత తరంగా నడుస్తుంది: పాటగాడు ఎల్లన్న, సుభద్ర, వాళ్ల కొడుకు శివయ్య, అతని కొడుకు రూబేను, ఆ తర్వాతి వాళ్లు.

ఇందులో నన్ను వదలని ఘట్టం కరువు. తిండి లేక శివయ్య, శశిరేఖ ఊరు విడిచి నడుస్తారు. దారి పొడవునా ఆకలి, చావులు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పని దొరుకుతుందని ఆశ. 1877-78లో ఆ కాలువను నిజంగానే కరువు పనిగా పొడిగించారు. అక్కడికి చేరినవాళ్లందరిదీ ఒకటే ఆకలి. ఆకలి కులాన్ని చెరిపేస్తుందని మనం అనుకుంటాం. వీళ్లు మాలలని తెలియగానే తోటి కూలీలే తరిమేస్తారు. పని ఇచ్చేది తెల్లదొర సర్కారు, పనిలో నిలబడనిచ్చేది మాత్రం కులం. ‘లైలా’లో గోడకు కాపలాదారులు ఉంటారు. ఇక్కడ కాపలా కాసేది పక్కనే పార పట్టుకున్న మరో ఆకలిగొన్న మనిషి.

మరి దాటడం ఎక్కడుంది? ఒక్క నాయకుడి గెలుపు కోసం వెతికితే దొరకదు. ఎల్లన్న ఉరుముల నాగన్న దగ్గర ఆటపాట నేర్చుకుంటాడు. ఆ పాట తర్వాతి తరాలకు అందుతుంది. శివయ్య ఆశపడ్డ చోట ఓడినా, రూబేను చదువుకుంటాడు. మతం మారినా కులం వెంటే వస్తుంది, దాంతో ఇంకో తరం పోరాటంలోకి వెళ్తుంది. ఒక తరం ఆగిపోయిన చోట నుంచి ఇంకో తరం మొదలుపెడుతుంది. చివరి తరాల కథ మాత్రం హడావిడిగా సాగిందనిపిస్తుంది, ఎల్లన్న భాగాల్లో ఉన్న నిదానం అక్కడ లేదు.

అడ్డంకుల మీద ప్రాజెక్టు రాసే విద్యార్థులు ‘పట్టుదల’ అన్న మాటతో సరిపెట్టకండి. అడ్డంకిని ఎవరు కట్టారు, దానివల్ల ఎవరికి లాభం అని రాయండి. ఇది కోస్తా కథ. మన తెలంగాణ మాదిగ పలుకుబడిలో చదవాలంటే వేముల ఎల్లయ్య ‘కక్క’ ఉంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.