మంత్రం లేని సేనాని: ‘తోకచుక్క’, గోదావరిఖని పాఠకులు, నాయకత్వ భావన

బొగ్గుగని సాహిత్యంపై ఏ సదస్సు జరిగినా ఒక మాట వినక తప్పదు. ఇది కార్మిక వాస్తవికతలో పుట్టిన సాహిత్యం, మాంత్రికుల కథలకు ఇక్కడ చోటు లేదని. అల్లం రాజయ్య కథల నుంచి తుమ్మేటి రఘోత్తమరెడ్డి ‘నల్లవజ్రం’ దాకా సాగిన పరంపర గొప్పదే. ఆ రచనల్ని చదివి కదిలిన కార్మికులు అంతకుముందు ఏం చదివారన్నది మాత్రం ఎవరూ అడగలేదు. సింగరేణి గనుల ఊరు గోదావరిఖనిలో బాయి పని చేసి ఉద్యోగం దిగిపోయిన పెద్దలను నేను అడిగాను. ఎక్కువమంది నోట మొదట వచ్చింది పిల్లల మాసపత్రిక చందమామ.

మాంత్రికుల కథలకు చోటు లేదన్న వాదాన్ని గట్టిగా వినిపించే ఒక సీనియర్ విమర్శకుడి లెక్కలో చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు పిల్లల్ని బతుకు నుంచి పక్కకు తప్పించే సరుకు. ఆయన వాటిని శ్రద్ధగా చదివి ఉంటే ఆ మాట అనేవారు కాదు. ఆ సీరియళ్లు వెలువడిన కాలమంతా పత్రిక పని చూసింది కొడవటిగంటి కుటుంబరావు. 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) పెట్టినవారిలో ఆయన ఒకరు. దాసరి స్వయంగా హేతువాది. అలాంటివాళ్లు దశాబ్దాల తరబడి మూఢత్వం అమ్మారనడం అన్యాయం.

1954లో మొదలైన ‘తోకచుక్క’నే తీసుకుందాం. కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు ఓడలతో బయల్దేరి మంత్రాల దీవికి చేరతాడు. అక్కడ ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికులు ఒకరినొకరు అంతం చేయాలని చూస్తుంటారు. మంత్రశక్తి అంతా వాళ్లదే. మృగాలూ భూతాలూ వాళ్ల ఆజ్ఞకు కట్టుబడతాయి. అయినా ఇద్దరికీ సేవకులే తప్ప సహచరులు లేరు. సమరసేనుడికి ఒక్క మంత్రం రాదు, కానీ అతని వెంట మనుషులున్నారు. సైనికుల ప్రాణం గురించి ఆలోచించకుండా అతను అడుగు వేయడు. అధికారాన్ని ఒకరి దగ్గర, నాయకత్వాన్ని మరొకరి దగ్గర పెట్టి, రెండూ ఒకటి కావని నెలనెలా పిల్లలకు చూపించిన కథ ఇది. నేనెరిగిన తెలుగు నవలల్లో ఈ సంగతిని ఇంత తేటగా చెప్పినవి తక్కువ. ‘రాకాసిలోయ’లోనూ అంతే. శక్తి బ్రహ్మదండి మాంత్రికుడిది, పాఠకుడి మనసు మాత్రం కేశవుడి, జయమల్లుడి వెంట పోతుంది.

అధికారానికీ నాయకత్వానికీ మధ్య ఉన్న ఈ తేడా బొగ్గుబాయిలో పుస్తకం సంగతి కాదు. మేనేజరు అధికారం అప్పటి 1952 గనుల చట్టంలో రాసి ఉండేది. కింద మాత్రం గ్యాంగు పని చూసే సర్దారు కట్టెతో పైకప్పును తట్టి, చప్పుడు విని, జరగమంటే గ్యాంగు మొత్తం జరుగుతుంది. ఆ మాటను జీతం కోసమో భయంతోనో వినరు. తమతో పాటు అదే కప్పు కింద నిలబడ్డవాడి మాట గనక వింటారు. నేను మాట్లాడిన పెద్దల్లో చాలామంది మంచి సర్దారు గురించి చెబుతూ, అడగకుండానే, సమరసేనుడి దగ్గరికి వచ్చారు. సమరసేనుడు రాజు పంపిన సేనానే గాని జనం ఎన్నుకున్నవాడు కాడన్న అభ్యంతరం ఉంది. దానివల్ల నా వాదానికి పెద్దగా నష్టం లేదు.

1981ని ఈ వెలుగులో చూడాలి. ఒక్కరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల వేతనం కోసే నిబంధనకు వ్యతిరేకంగా సింగరేణి కార్మికులు 56 రోజులు బాయి దిగలేదు. పేరున్న సంఘాల నాయకులను దాటి తమలోని మనుషుల వెంట నడిచారు. సింగరేణి కార్మిక సమాఖ్య ఆ ఊపులోనే పుట్టింది. దీనికి రాజకీయ కారణాలు ఎన్నైనా చెప్పొచ్చు. కానీ కుర్చీలో ఉన్నవాడు వేరు, వెంట నడవదగ్గవాడు వేరన్న ఎరుక ఆ తరానికి కరపత్రాల కంటే ముందే, చందమామ పుటల్లోనే అందిందని నా నిశ్చితాభిప్రాయం. గని నవలల్లోని నాయకులకు మూలాలు సోవియట్ అనువాదాల్లో వెతికినంత కాలం సమరసేనుడు మన కంటపడడు.

కార్మికులు ఏం చదివారన్న ఈ పరిశోధనకు ఆధారాలు కరిగిపోతున్నాయి. ఉద్యోగం నుంచి దిగిపోయినవారు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. ఆ సర్దుబాటులో ముందుగా పాత సామాన్లవాడికి పోయేది పిల్లలు కుట్టించుకున్న చందమామ బౌండ్లే. వాటి అంచుల్లో పెన్సిలు రాతలుంటాయి, చేతులు మారిన పేర్లుంటాయి. గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ అన్న తేడా లేకుండా ఇల్లిల్లూ తిరిగి వాటిని సేకరించే పని విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు ఈ ఏడాదే మొదలుపెట్టాలి.