పెట్రోలు పొమ్మన్న గ్యాసు

1910లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక కారు యజమాని లబోదిబోమన్నాడట. డబ్బిచ్చి కొన్న పెట్రోలు ఇల్లు చేరేసరికే సగం మాయమవుతోందని అతని గోల. అక్కడి గనుల బ్యూరోలో రసాయన శాస్త్రవేత్త వాల్టర్ స్నెల్లింగ్ ఆ పెట్రోలును గాజు కూజాలో పట్టి చూశాడు. బిరడా పెట్టినప్పుడల్లా ఎగిరిపడుతోంది. ఆవిరై పారిపోతున్న వాయువుల్లో ప్రొపేన్, బ్యూటేన్ ఉన్నాయని ఆయన తేల్చాడు. వాటిని విడదీసి, ఒత్తిడితో ద్రవంగా మార్చే పద్ధతికి 1913లో పేటెంటు పొందాడు. మన వంటగ్యాస్ సిలిండర్లో ఉండేవీ ఆ రెండే.

ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. కాబట్టి వాల్వు తిప్పితే చాలు, పంపుతో పనిలేకుండా ఆవిరై వస్తుంది. పైపులైను లేని పల్లె ఇళ్లలో అది వంటకు వచ్చింది. తర్వాత ఇంజన్లకూ పాకింది. 1950లలో షికాగోలో వందల సిటీబస్సులు దానితోనే నడిచాయి.

ఇల్లులా వాడుకునే బండ్లైన మోటార్‌హోమ్‌లలోనూ పొయ్యి, ఫ్రిజ్, హీటర్ ప్రొపేన్ మీదే నడిచేవి. ఏసీకి మాత్రం కరెంటు కావాలి. మినియాపోలిస్‌లో 1920లో మొదలైన ఓనన్ కంపెనీ జనరేటర్లు ఈ బండ్లలో బాగా పేరుపడ్డాయి. పెట్రోలు బండిలో జనరేటర్ కూడా బండి ట్యాంకు నుంచే తాగుతుంది. అయితే దాని గొట్టాన్ని ట్యాంకు అడుగుదాకా దించరు. ఇంచుమించు పావు ట్యాంకు మిగలగానే జనరేటర్ ఆగిపోతుంది, బండి బంకుదాకా వెళ్లడానికి ఇంధనం మిగులుతుంది.

చిక్కల్లా బండి నెలల తరబడి షెడ్డులో పడి ఉన్నప్పుడే. కార్బ్యురేటర్లో మిగిలిన పెట్రోలు ఆరి జిగురై, సూదిబెజ్జమంత జెట్‌ను మూసేస్తుంది. సీజను రాగానే కార్బ్యురేటర్ విప్పి కడుక్కోవాల్సిందే. ఒకప్పుడు తప్పుగా తోచిన ప్రొపేన్ ఆవిరయ్యే తొందర ఇక్కడ గుణమైంది. పూర్తిగా ఆవిరైపోతుంది కనుక వెనక బంక మిగల్చదు, నిల్వ ఉన్నా పాడవదు.

అందుకే కొందరు జనరేటర్‌ను పెట్రోలు నుంచి గ్యాసుకు మారుస్తారు. అలా మార్చేటప్పుడు కీలకం ఒత్తిడి తగ్గించడమే. 20 డిగ్రీల వేడిలో ట్యాంకులో చదరపు అంగుళానికి 100 పౌండ్లు దాటే ఒత్తిడిని రెగ్యులేటర్ అర పౌండుకు లోపలికి దించుతుంది. ఆ తర్వాత డిమాండ్ రెగ్యులేటర్ ఉంటుంది. అందులోని డయాఫ్రమ్ అనే పల్చటి పొర ఇంజన్ గాలి పీల్చినప్పుడే గ్యాసుకు దారి తెరుస్తుంది, పీల్చడం ఆగితే గ్యాసూ ఆగుతుంది. కార్బ్యురేటర్ మూతి దగ్గర బిగించిన అడాప్టర్‌లో ఆ గ్యాసు గాలితో కలుస్తుంది. అదనపు భద్రతకు కరెంటుతో పనిచేసే కట్-ఆఫ్ వాల్వు కూడా పెడతారు.

నష్టాలూ ఉన్నాయి. గ్యాలన్ ప్రొపేన్‌లో శక్తి పెట్రోలు కన్నా పావు వంతు తక్కువ. జనరేటర్ ఇచ్చే పవర్ కూడా కొంత తగ్గుతుంది. చలిలో ట్యాంకులో గ్యాసు తయారీ మందగిస్తుంది. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. అందుకే జనరేటర్ గదికి అడుగున గాలి రంధ్రాలు ఉండాలి, మనుషులుండే భాగంలోకి సందు ఉండకూడదు. ఇంధనం మారినా పొగలో కార్బన్ మోనాక్సైడ్ ముప్పు తప్పదు.

ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే జనరేటర్ ఆన్ చేసేవారికి ఈ మార్పు కలిసొస్తుంది. రోజంతా ఏసీ కావాలనేవారికి పెట్రోలే మేలు. పొయ్యికీ జనరేటర్‌కూ గ్యాసు ట్యాంకు ఒక్కటే మరి, రాత్రంతా చల్లగా పడుకుంటే పొద్దున కాఫీకి గ్యాసు కరువవుతుంది.