పుట్టబోయే బటన్‌కి పేరేది?

మెనూ ఇవ్వాల్సిన చోట నంబరు! విండోస్‌లో తెర మీద బటన్‌ను పుట్టించే క్రియేట్‌విండో ఫంక్షన్ గురించి చదువుతుంటే కంటబడిందీ వింత. పెద్ద విండో తయారు చేస్తే ఆ స్థానంలో మెనూ ఇస్తాం. దాని లోపల బటన్ తయారు చేస్తే అదే స్థానంలో బటన్ నంబరు ఇస్తాం. తర్వాత ఆ నంబరు చెప్పి బటన్‌ను వెతికి పట్టుకోవచ్చు. ఈ పొదుపు నాకు తెగ నచ్చేసింది. కోడ్ రాసేనాటికి లేకుండా, ప్రోగ్రాం నడుస్తుండగా పుట్టే బటన్‌ను ఏమని పిలవాలన్న చిక్కుకు అదొక పాత జవాబు.

నా మనసు దోచింది మాత్రం విజువల్ బేసిక్ (వీబీ) కంట్రోల్ అర్రే. ఫారం మీద ఒక టెక్స్ట్‌బాక్స్ పెట్టి, ఇండెక్స్‌లో సున్నా వేస్తే చాలు. ‘లోడ్ టెక్స్ట్1(1)’ అనగానే దానికో తమ్ముడు పుడతాడు. పేరు ఒకటే, బ్రాకెట్లో అంకె వేరు. ఎందులో టైప్ చేసినా నడిచేది ఒకే ప్రొసీజర్. ఏ బాక్సో ఇండెక్స్ చెబుతుంది. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో వీబీ నేర్చిన తరానికి ఇందులోని తిరకాసూ తెలుసు: కొత్త బాక్స్ సరిగ్గా పాతదాని మీదే, అదీ కనబడకుండా పుడుతుంది. పక్కకు జరిపి, విజిబుల్‌ను ట్రూ చేసేదాకా కోడ్ పనిచేయలేదనే అనిపిస్తుంది.

1998లో, హైదరాబాద్ ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన ఏడాదే, వీబీ6 వచ్చింది. కంట్రోల్స్.యాడ్‌తో మూలబాక్స్ లేకుండానే కొత్తది పుట్టించే వీలొచ్చింది. 2002లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ వచ్చి కంట్రోల్ అర్రేను తీసేసింది. దాని బదులు వచ్చిన, నడుస్తుండగా ఈవెంట్‌ను ప్రొసీజర్‌కు తగిలించే యాడ్‌హ్యాండ్లర్‌కు సత్తా ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ కొత్తగా నేర్చుకునేవాడి చేతిలోంచి ఒక చక్కని పనిముట్టు జారిపోయింది. పాత కోడ్ కోసం అర్రేను అనుకరించే లైబ్రరీని విడిగా ఇవ్వాల్సి వచ్చిందంటేనే దాని విలువ తెలుస్తోంది.

వెబ్‌లో గెట్‌ఎలిమెంట్‌బైఐడీ, 2006లో జేక్వెరీ, ఆ తర్వాత రియాక్ట్ రెఫ్‌లు, ఆండ్రాయిడ్‌లో ఫైండ్‌వ్యూబైఐడీ. అందరిదీ పుట్టించినదాన్ని మళ్లీ పట్టుకునే ఇదే వెతుకులాట.

అసలు ముచ్చట మన ఊరిది. విజువల్ జేషార్ప్ భాషను తయారు చేసింది హైదరాబాద్‌లోని మైక్రోసాఫ్ట్ కేంద్రమే. రాత జావాది, లైబ్రరీలు డాట్‌నెట్‌వి. జావాలో ప్రాపర్టీలు లేవు కాబట్టి బటన్ మీద అక్షరాలు మార్చాలంటే సెట్_టెక్స్ట్, క్లిక్ వినాలంటే యాడ్_క్లిక్. పుట్టించిన బటన్‌ను అందుకోవాలంటే ‘గెట్_కంట్రోల్స్().గెట్_ఐటెమ్(0)’. ఇందులోని గెట్_ఐటెమ్, డాట్‌నెట్ భాష సీషార్ప్ చదరపు బ్రాకెట్ల వెనక దాచేసే పేరే! విజువల్ స్టూడియో 2005తో జేషార్ప్ ఆగిపోయింది. ఐటీ చరిత్ర అంటే భవనాల ప్రారంభోత్సవాలే అనుకునే ఈ ఊళ్లో, ఆ గెట్_ఐటెమ్ లైను ఒక్కటీ క్లాసులో బోర్డు మీద రాసి, సీషార్ప్ లోపల జరిగేది ఇదీ అని పిల్లలకు చూపించాలని నా కోరిక.