చేపల్లేని గాజు తొట్టె



మొన్న హైదరాబాదులో మా మేనల్లుడి ఇంటికెళ్ళా. హాల్లో పెద్ద గాజు తొట్టె. అందులో ఉప్పునీళ్ళు, ఇసుక, నాలుగు రాళ్ళు. చేప అన్నదే లేదు. "ఏరా, చేపలకి డబ్బుల్లేవా?" అన్నా. "నెలే అయింది మావయ్యా, నీళ్ళింకా కుదురుకోలేదు" అన్నాడు. నవ్వుకున్నా. తర్వాత దాని వెనక చరిత్ర చదివితే నవ్వు పోయింది.

1846లో ఇంగ్లండులో ఆనా థిన్ అనే ఆవిడ టార్కీ ఊరి సముద్రపొడ్డున పగడపు జీవుల్ని చూసి ముచ్చటపడింది. వాటిని సూది దారంతో స్పాంజికి కుట్టి లండన్ తెచ్చుకుంది. సముద్రపు నీళ్ళు మాటిమాటికీ తెప్పించడం కష్టం. అందుకని పనిమనిషి కిటికీ దగ్గర నిలబడి, ఉన్న నీళ్ళనే ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి తిరగబోసేది. ఇప్పుడు ఏరేటరు చేసే పని అప్పుడు ఆ పిల్ల చేతులు చేశాయన్నమాట. మరుసటేడు నాచు కూడా వేశారు. పగడాలు బతికాయి.

1853లో లండన్ జూలో జనం చూసేందుకు తొట్టెలు పెట్టారు. మరుసటేడు ఫిలిప్ గాస్ అనే ఆయన దీని మీద పుస్తకం రాశాడు. ఇంటింటా మోజు పుట్టింది. తొట్టె తేవడం, ఉన్నవన్నీ అందులో వేసేయడం. నీళ్ళు చెడి జీవాలు చచ్చేవి. కొన్నేళ్ళకే మోజు చల్లారింది.

నీళ్ళెందుకు చెడతాయి? మిగిలిన మేత, చేపల మలమూత్రాల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. దానికి విరుగుడేమిటో మట్టి, మురుగునీళ్ళ మీద పని చేసినవాళ్ళు తేల్చారు. 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, ముంట్జ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక గుండా పంపి చూశారు. అమ్మోనియా నైట్రేటు అయింది. క్లోరోఫాం పట్టిస్తే ఆ పని ఆగిపోయింది. అంటే చేసేది కంటికి కనపడని ప్రాణులే. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఆ బాక్టీరియాని వేరుచేసి చూపాడు. ఒక రకం అమ్మోనియాని నైట్రైటు చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేటు చేస్తుంది. మన మెట్ట చేలో యూరియా చివరికి నైట్రేటుగా మారేదీ ఇలాంటి వాటి వల్లే.

1961లో జకార్తా నుంచి లీ చిన్ ఎంగ్ అనే ఆయన, సముద్రపు రాళ్ళు, గాలి బుడగలతోనే పగడాలు పెంచే పద్ధతి రాశాడు. ఆ రాళ్ళ సందుల్లోనే బాక్టీరియా ఉండేది. అది సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు సున్నాకి వచ్చాకే మొదటి చేప. పగడాలు ఆ తర్వాత.

ఇక నా సంగతి. కౌలుకి తీసుకున్న ఎకరంన్నర రొయ్యల చెరువు. మొదటి పంట పట్టగానే రేటు బాగుందని, ఎండగట్టకుండా, అడుగు బురద తీయకుండా పదో రోజునే సీడు వదిలా. నెల తిరక్కుండానే రొయ్యలు గట్టుకి చేరాయి. టెస్టు చేయిస్తే అమ్మోనియా. ఆ అప్పు ఇంకా కడుతూనే ఉన్నా.

ఆగాలని తెలియక కాదు. కౌలు రోజులు కరిగిపోతుంటే ఆగనివ్వదు. అందుకే చెప్తున్నా, కౌలు మాట్లాడుకునేటప్పుడే చెరువు ఎండే రోజులు కూడా లెక్కలో వేసుకోండి. మావాడి ఖాళీ తొట్టె చూసి నవ్విన నాకు ఆ లెక్క తెలిసేసరికి ఆలస్యమైంది.